పుట్ట చుట్టిన దుప్పి

వింటినారి మోగింది. ఆ మోత ఆరకముందే శంఖం మోగింది. రెంటికీ నడుమ పది ఊపిర్లు పీల్చుకునేంత ఎడం ఉండి ఉంటే ఈ వేట వాగు ఒడ్డునే ముగిసిపోయేది. కానీ కుముదగిరి రాజవంశంలో ఆ ఎడం ఏడు తరాలుగా లేదు.

"జయము! జయము! శత్రుగజ విదళన పంచానన, చిత్రభాను ప్రభువుల వాడి శరం మృగం గుండెను భేదించెను!" అని జయభట్టు కొండలు మారుమోగేటట్టు చాటాడు.

వాగు ఒడ్డున నిలబడి ఉన్న దుప్పి ఆ శంఖానికి నిలువెత్తు ఎగిరి, రెల్లుపొదలు చీల్చుకుంటూ ఆవలి గట్టెక్కి మాయమైంది. దాని మెడలో నీలిపూస ఒక్కసారి మెరిసి, అదీ మాయమైంది.

ఈరక్క రెండు చేతులా నెత్తి కొట్టుకుంది.

కొండకింది గూడేల్లో జాడ తీయడంలో ఈరక్కను మించినవాళ్లు లేరు. రాతిమీద చీమ నడిచినా చెబుతుందంటారు. అది అతిశయోక్తే గానీ, మరీ అంత అతిశయోక్తి కాదు. అలాంటి మనిషి రాజకుమారుణ్ణీ, అతని బిరుదులు చదివే ఈ జయభట్టునూ వెంటేసుకుని మూడు రోజులుగా తిరుగుతోందంటే కారణం ఒక్కటే. ఆరు నెలల కిందట కుముదగిరి మహారాజు శిలాకోనకు వేటకు వచ్చాడు. దారి చూపడానికి ఈరక్క పెనిమిటి బయ్యన్న వెళ్లాడు. జటాకరాళుడనే మాంత్రికుడు రాజునూ, పరివారాన్నీ, బయ్యన్ననూ కొండ కడుపులోకి లాగేసుకుని రాతివాకిలి మూసేశాడు. ఆ వాకిలికి తాళంచెవి ఒక దుప్పి మెడలోని నీలిపూస అనీ, దుప్పికి ప్రాణం ఉన్నంతసేపూ పూస దాని మెడను వదలదనీ, ఈ అమావాస్యనాడు పొద్దు గుంకేలోగా పూస వాకిలికి చేరకపోతే లోపలివాళ్లు మరెన్నడూ బయటికి రారనీ కొండమీది ముని చెప్పాడు. రాజకుమారుడికి తండ్రి కావాలి. ఈరక్కకు మొగుడు కావాలి. ఆ అమావాస్య ఇవాళే, పొద్దు అప్పటికే నడినెత్తి దాటింది.

"ఏం మనిషివయ్యా నువ్వు!" అని ఈరక్క జయభట్టు మీదికి లేచింది. "దెబ్బతిన్న జంతువును బెదరగొట్టకపోతే నాలుగడుగులేసి పడుకుంటది. బెదరగొడితే కొండలు దాటతది. ఇప్పుడా శంఖం ఎవుర్ని నిద్దర లేపుదామని ఊదినావు?"

"బాణం వింటిని వీడగానే విజయఘోష చేయడం మా వంశానికి సంక్రమించిన కొలువు తల్లీ. తగిలిందా లేదా అని ఆగి చూస్తే ప్రభువుల గురిని శంకించినట్టు కాదూ?"

"తగలకపోతేనో?"

"ఆ ప్రసక్తే లేదు. రాజహస్తంతో హతమైన మృగం బొందితో స్వర్గానికి పోతుంది. అందుకే తరచుగా కళేబరం దొరకదు," అన్నాడు జయభట్టు ఏమాత్రం తడుముకోకుండా.

రాజకుమారుడు చిత్రభానుడు గంభీరంగా తల ఊపాడు. ఇరవై రెండేళ్లవాడు, చక్కనివాడు, కత్తి పట్టాడంటే నిజంగానే పదిమందికి సమాధానం చెప్పగలడు. ఈ మూడు రోజుల్లో అతన్ని చెంపమీద ఒకటి వేద్దామని ఈరక్కకు ఏడుసార్లు అనిపించింది.

"బాణం ఎక్కడ తగిలింది దొరా?"

"గుండెలో."

"నువ్వు చూసినావా?"

"భట్టు చెప్పాడుగా!"

ఎనిమిదోసారి అనిపించింది. అయినా ఓర్చుకుని వాగు దాటింది. బాణం దొరికితే చాలు, అదే అంతా చెబుతుంది. నెత్తుట్లో నురగ ఉంటే ఊపిరితిత్తి, పసరు కంపు కొడితే కడుపు. అంటుకున్న వెంట్రుక నల్లదైతే వీపు, తెల్లదైతే పొట్టకింది భాగం. కడుపులో దిగితే జాములకొద్దీ కదలకుండా ఆగాలి. ఉత్త కండ చీరితే మాత్రం ఆగకుండా వెంబడించాలి. ఈ రెంటిలో ఏది చేయాలో తెలియకుండా జాడ పట్టినవాడు చీకట్లో సూదికి దారం ఎక్కించేవాడితో సమానం.

రెల్లులో అంగుళం అంగుళం వెతికింది. బాణం లేదు. తలెత్తి చూసేసరికి జయభట్టు గట్టుమీద వెలిగిపోతూ నిలబడి ఉన్నాడు. అతని చేతిలో బాణం ఉంది. వాగునీళ్లలో శుభ్రంగా కడిగి, మొనకు గంధం పూసి, కుంకుమబొట్టు పెట్టి, తన సంచిలోంచి తీసిన మల్లెదండ కూడా చుట్టేశాడు.

"ఇదిగో, విజయశరం!"

ఈరక్క దాన్ని తీసుకుని వాసన చూసింది. "పెళ్లికొడుకు వాసనొస్తంది," అంది నీరసంగా. ఇక అరవడానికి కూడా ఓపిక లేకపోయింది. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే.

తెలియనప్పుడు చెడ్డదే అనుకోవాలి. కడుపులోనే దిగిందనుకుని, ఉన్న పొద్దులో ఆగగలిగినంతసేపు ఆగుదామని ఈరక్క నిర్ణయించింది. "ఆ మద్దిచెట్టు నీడ ఈ రాతిని తాకేదాకా ఎవురూ కదలగూడదు," అని చెప్పి, పక్కనే ఉన్న చీమలపుట్ట దగ్గరికి వెళ్లింది. పచ్చికొమ్మ ఒకటి తుంచి, కొస పుట్టవైపు, తుంచిన మొదలు తనవైపు వచ్చేలా పెట్టింది. పుట్టను కుడిచేతివైపు ఉంచుకుని ఒక చుట్టు చుట్టింది. ఆ గూడెంవాళ్లు పుట్ట కనబడితే ఇది చేయకుండా ముందుకు పోరు. ఆరు నెలలుగా కొమ్మ పెట్టిన ప్రతిసారీ ఆమెకు బయ్యన్న గుర్తొచ్చి ఒళ్లు మండుతోంది. గూడెంలో కొమ్మను తిరగేసి పెట్టేవాడు అతనొక్కడే. "మొదట్లో పసరుంటది కదే, లోపలున్న నాగన్నకు దాహమేస్తే నాకుతాడు," అనేవాడు. దానిమీద వాళ్లిద్దరికీ ఇరవై ఏళ్ల తగువు. ఆ తగువు ఆడే మనిషి లేక ఇప్పుడు ఇల్లంతా బావురుమంటోంది. అది తలుచుకుంటే ఒళ్లు మరింత మండుతుంది.

ఆమె కళ్లు తుడుచుకుని ఇటు తిరిగేసరికి నీడ రాతికి మూరెడు దూరంలోనే ఉంది, రాజకుమారుడు మాత్రం లేడు.

"ప్రభువులు కాలయాపన సహించలేక బయలుదేరారు," అన్నాడు జయభట్టు.

ఈరక్క పరుగు తీసింది. శిలాకోన అందం గురించి చెప్పాలంటే ఇదే చోటు. ఇరువైపులా నీలాల గనుల్లా నిగనిగలాడే నల్లరాతి కొండలు. వాటి నుదుళ్ల మీద పారాణి దిద్దినట్టు పూసిన మోదుగులు. వెండిజరీ అంచుల్లా జారే సెలయేళ్లు. ఆ సెలయేళ్ల తుంపరలో పగలే విరిసే ఇంద్రధనుస్సులు. పచ్చని కొమ్మల మీద బారులు తీరి, కిన్నరులు మీటిన వీణల్లా పలికే పంచవన్నెల పిట్టలు. ఈరక్కకు ఇవేవీ కనబడలేదు. ఆకుల మీద గోరింటాకు చుక్కల్లా అక్కడక్కడా రాలిన నెత్తురు, ఆ చుక్కల మీద సరిగ్గా అడుగులో అడుగేసి తొక్కుకుంటూ పోయిన రాజపాదుకల ముద్రలు, అవే కనబడ్డాయి.

అతన్ని అందుకుని చెయ్యి పట్టి ఆపింది. "జాడ పక్కన నడవాలి దొరా, జాడ మీద కాదు! ఏ చుక్క నువ్వు తొక్కినావో ఏది తొక్కలేదో ఎట్టా తెలిసేది నాకు?"

"ఆగి కూర్చుంటే నాన్నగారు వస్తారా ఈరక్కా?" అన్నాడతను. ఈరక్క తిట్టబోయిన తిట్టు మింగేసింది.

చుక్కల వెంట పోగా పోగా దారికడ్డంగా తీగల తెర ఒకటి వచ్చింది. ఆకులు అచ్చం చెవుల్లా ఉన్నాయి. ఈరక్క పెదాల మీద వేలుంచుకుని, ఇవి చెవితీగలనీ, చప్పుడు చేసినవాణ్ణి చుట్టేస్తాయనీ సైగలతో చెప్పింది. రాజకుమారుడికి అర్థమైంది. వంగి, ఊపిరి బిగబట్టి, ఆకు కదలకుండా దూరి అవతలికి పోయాడు. అంత చక్కగా దూరాడు గనుకనే జయభట్టు ఉండబట్టలేకపోయాడు.

"ఆహా! ఏమి లాఘవము!"

తీగ విసురుగా వచ్చి కాళ్లకు చుట్టుకుని అతన్ని తలకిందులుగా పైకెత్తింది. "రక్షించండి!" అన్నాడు, ఇంకో రెండు తీగలు వచ్చాయి. రాజకుమారుడు కత్తి దూసి ఒకదాన్ని నరికితే కత్తి చప్పుడుకు నాలుగు లేచాయి. జయభట్టు ముఖం వంకాయలా కమిలిపోతోంది. ఈరక్కకు తలప్రాణం తోకకొచ్చింది. అతని నడుముకు వేలాడుతున్న శంఖాన్ని గుంజి, పక్కనున్న లోయలోకి శక్తికొద్దీ విసిరింది. అది రాతిరాతికీ తగులుతూ ఖణఖణమంటూ దొర్లిపోయింది. తీగలన్నీ జయభట్టును దబ్బున వదిలేసి, బుసకొడుతూ ఆ మోత వెంట లోయలోకి పాకాయి. ముగ్గురూ వెనక్కి చూడకుండా పరుగెత్తారు.

"ఏడు తరాల శంఖం!" అని వాపోయాడు జయభట్టు, నోట మాట వచ్చాక.

"పీడా పోయింది," అంది ఈరక్క.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. సెలయేటి దగ్గర నెత్తురు ఆగిపోయింది. ఈరక్క రెండు గట్లూ వెతికింది. వెతగ్గా, దుప్పి నీళ్లలోకి దిగకుండానే తన గిట్టల ముద్రల్లోనే గిట్టలు పెడుతూ ఇరవై అడుగులు వెనక్కి వచ్చిందనీ, అక్కణ్ణుంచి బండలమీదికి దూకిందనీ తేలింది. బండల మీద కూడా నాచు లేనివి ఏరుకుని మరీ కాలు మోపింది.

"ఇదేం దుప్పిరా నాయనా! జాడ తీసేవాళ్ల కడుపున పుట్టిందా?" అని గొణిగింది ఈరక్క. గట్టిగా తిట్టబోయి ఆగింది. ఇందాక వాగు ఒడ్డున కూడా అది నీళ్లు తాగలేదు. తమకు ఎదురుగా వచ్చి, అంత దగ్గరగా, తనవైపే చూస్తూ నిలబడింది. ఏ దుప్పీ అలా నిలబడదు.

బండలు దాటాక ఎర్రమట్టి నేల. నేల నడుమ నిలువెత్తు పుట్ట. గిట్టల ముద్రలు నేరుగా పుట్ట దగ్గరికి పోయి, దాన్ని కుడివైపు ఉంచుకుని ఒక చుట్టు చుట్టాయి. చుట్టు పొడుగునా నెత్తురు చుక్కలున్నాయి. పుట్ట మొదట్లో పళ్లతో కొరికిన పచ్చికొమ్మ ఒకటుంది.

తుంచిన మొదలు పుట్టవైపు, కొస ఇటువైపు ఉంది.

ఈరక్క ఆ కొమ్మనే చూస్తూ కూలబడిపోయింది. భయం వేసింది, ఆరు నెలల్లో మొదటిసారి సంతోషం కూడా వేసింది. రెండూ కలిసి ఏడుపై వచ్చాయి.

"బయ్యా!" అంది. "దుప్పివైనా కూడా తిరగేసే పెట్టినావా?"

మిగతా ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పడానికి ఆమెకు రెండు మాటలే పట్టాయి. రాజకుమారుడి ముఖం పాలిపోయింది. పూస కోసం వెంటాడుతున్న మృగమే ఆమె మొగుడు. అతని ప్రాణం పోతే తప్ప పూస ఊడదు. అతని ప్రాణం తీయడానికి బాణం వేసింది తాను.

ఈరక్క లేచి అతని భుజాలు పట్టుకుంది. "ఇప్పుడు నిజం చెప్పు దొరా. కడుపులో దిగుంటే నేను వెంటబడగూడదు, పరిగెత్తిస్తే పేగులు తెగి చస్తాడు. కండే చీరుంటే వెంటనే పోయి కట్టు కట్టాల, లేకుంటే నెత్తురు పోయి చస్తాడు. ఎక్కడ తగిలింది?"

రాజకుమారుడు తల వంచుకున్నాడు. "నాకు తెలీదు ఈరక్కా. నారి వదిలేటప్పుడు నేను కళ్లు మూసుకుంటాను. చిన్నప్పటినుంచీ అంతే. కళ్లు తెరిచేసరికి భట్టు గుండెకే తగిలిందంటాడు. నేనూ నమ్ముతాను."

ఈరక్క వంగి నేలను చూసింది. అనడానికి తిట్లు మిగల్లేదు. మట్టిలో చుక్కలు ఎండిపోతున్నాయి.

"నేను చూశాను," అన్నాడు జయభట్టు.

ఇద్దరూ అటు తిరిగారు.

"మా కొలువే అది. బాణం పోయినంత దూరం రెప్పవేయకుండా చూడాలి. చూసింది మాత్రం చెప్పకూడదు. మా వంశంలో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు." తన ఎడమ చంక కింద చెయ్యి పెట్టి చూపించాడు. "గుండె కాదు. కడుపూ కాదు. ఎడమ ముందుకాలి చంక కింద తోలును, కాస్త కండను చీల్చుకుంటూ పోయి రెల్లులో పడింది. తెల్ల వెంట్రుకలు రెండు అంటుకుని ఉన్నాయి. నేనే కడిగేశాను."

ఈరక్క అతన్ని కౌగిలించుకున్నంత పనిచేసింది. కానీ కోపం ఇంకా చల్లారలేదు గనుక మానుకుంది.

ఇక దాగి నడవడాలు లేవు. పుట్టినప్పటినుంచీ అడవిలో గుసగుసగా తప్ప మాట్లాడని మనిషి, ఆనాడు గొంతు చించుకుంటూ నడిచింది. "ఒరే బయ్యన్నా! పారిపోయింది చాలు, ఆగు! నీ పెళ్లాన్ని రా నేను! గుర్తుపట్టి ఎదురొచ్చినోడివి, ఆ శంఖం ఊదేటోడు పక్కనున్నాడని చూసుకోవద్దా? తెలివుందా నీకు?" అని కొండలు వంత పాడుతుండగా తిడుతూ పోయింది. రాజకుమారుడూ జయభట్టూ చప్పుడు చేయకుండా వెనకే, జాడ పక్కనే నడిచారు.

మూడో మలుపులో, కొండగోడ వారన, ఎండుగడ్డిలో దుప్పి పడుకుని ఉంది. ఆమె గొంతు విని చెవులు నిక్కించింది గానీ లేవలేదు. నిజంగా చంక కిందే గాయం. ఈరక్క చెంగు చింపి, నమిలిన ఆకుపసరు పెట్టి, గట్టిగా కట్టు కట్టింది. ఆ చేతులు ఎంత మెత్తగా పనిచేశాయో నోరు అంత కటువుగా తిట్టింది. దుప్పి ఆమె భుజం మీద మూతి ఆనించుకుంది.

మెడలో నీలిపూస మెల్లగా మసకబారుతోంది. పొద్దు కొండకొమ్మును తాకింది.

రాజకుమారుడి చెయ్యి అమ్ములపొది మీదికి పోయింది. ఈరక్క చూసింది. లేచి దుప్పికి అడ్డంగా నిలబడింది. "నీ తండ్రి లోపలున్నాడు, నాకు తెలుసు. అయినా నేను పక్కకు జరగను దొరా," అంది.

చిత్రభానుడు అమ్ములపొదిని భుజంమీంచి తీసి జయభట్టు చేతికిచ్చాడు. "పూస ఊడదు సరే. తాళంచెవి నడవగలదుగా ఈరక్కా? వాకిలి దగ్గరికి దాన్నే నడిపిద్దాం."

ఈరక్క నోరు తెరుచుకుని అతన్ని చూసింది. మూడు రోజుల్లో అతను అన్న మొదటి తెలివైన మాట అది.

ఇద్దరూ చెరోపక్కా ఆనుగా నిలబడి దుప్పిని నడిపించారు. మూడు కాళ్ల మీద కుంటుతూ, ఆయాసపడుతూ అది రాతివాకిలి ముందుకు చేరింది. పొద్దు చివరి అంచు కొండ వెనక్కి జారుతుండగా పూస రాతిని తాకింది. నీలిమంట ఒకటి గీతలా పాకింది. ఏనుగులు వందైనా కదపలేని ఆ బండ రెండుగా విడిపోయింది.

లోపల మనుషులు లేరు. చీకటి గుహ నిండా దుప్పులే ఉన్నాయి. పదులకొద్దీ దుప్పులు కిక్కిరిసి నిలబడి, కళ్లు మిలమిలలాడిస్తూ బయటికి చూస్తున్నాయి. అన్నిటికన్నా ముందు నిలబడిన ముసలి దుప్పి నుదుట, కుముదగిరి రాజులు దిద్దుకునే అర్ధచంద్రాకారపు బొట్టులాంటి తెల్లమచ్చ ఉంది. దాని వెనక గోడవారన మరో వాకిలి ఓరగా తెరిచి ఉంది. మేతకు ఆ దారినే కోనలోకి వదులుతున్నాడన్నమాట మాంత్రికుడు.

దుప్పిని నడిపించుకుంటూ అందరూ లోపలికి వచ్చారు. రాజకుమారుడు ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. ఆరు నెలలుగా తండ్రిని వెతుకుతూ ఈ కోనలోనే తిరిగాడు. తిరిగిన ప్రతిరోజూ ఎదురైన ప్రతి దుప్పి మీదా బాణం వేశాడు.

"భట్టూ," అన్నాడు. "నిజం చెప్పు. ఇన్ని నెలల్లో నా బాణం ఎన్నింటికి తగిలింది?"

జయభట్టు అమ్ములపొదితోనే చేతులు జోడించాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"ఒక్కదానికీ తగల్లేదు ప్రభూ. ఇవాళ్టిదే మొదటిది."

చిత్రభానుడు మోకాళ్ల మీద కూలబడి చంటిపిల్లవాడిలా ఏడ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఇంత గొప్ప పొగడ్త అతను వినలేదు.

"బాగుంది సంబడం!" అంది ఈరక్క, కళ్లు తుడుచుకుంటూ. "తగిలిన ఆ ఒక్కటీ నా మొగుడికేనా!"

ఆ మాట గుహలో పూర్తిగా మోగకముందే వాళ్ల వెనక రాతివాకిలీ, దానితోపాటే గోడవారన ఉన్న వాకిలీ ధభాలున మూసుకున్నాయి. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి కమ్ముకుంది. దుప్పులన్నీ ఒక్కసారిగా బెదిరి గోడలకు ఒదిగాయి.

గుహ లోలోపల ఎక్కడో శంఖం మోగింది. ఏడు తరాలుగా కుముదగిరి విన్న శంఖమే, లోయలో పారేసిన శంఖమే.

"భట్టూ, ఆపు!" అని అరిచాడు రాజకుమారుడు.

"నేను కాదు ప్రభూ," అన్నాడు జయభట్టు అతని పక్కనుంచే. "నా రెండు చేతులూ మీ అమ్ములపొదినే పట్టుకుని ఉన్నాయి."